మెగా లుకారియో ఈఎక్స్: ఆటలో దించాలా, ఆల్బమ్‌లో పెట్టుకోవాలా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం) · 28 సెప్టెంబర్ 2025, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం, 26న, పోకెమాన్ కార్డుల ఆటలో మెగా ఎవల్యూషన్ అనే కొత్త సెట్ వచ్చింది కదా. అందులో మెగా లుకారియో ఈఎక్స్ చూసిన దగ్గర్నుంచి చదువు మీద మనసు నిలవడం లేదు.

చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. 340 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తింటే గానీ పడదు. రియోలు అనే చిన్న పోకెమాన్ మీద నేరుగా వేసే స్టేజ్ 1, అంటే మధ్య మెట్టు దాటించి స్టేజ్ 2ని వేయించే రేర్ క్యాండీతో పని లేదు. ఒక్క ఫైటింగ్ ఎనర్జీ (దెబ్బ కొట్టడానికి పోకెమాన్‌కి తగిలించే కార్డు) ఉంటే చాలు, ఔరా జాబ్: 130 కొడుతుంది, పైగా డిస్కార్డ్‌లో, అంటే పారేసిన కట్టలో, ఉన్న బేసిక్ ఫైటింగ్ ఎనర్జీల్లో మూడింటి దాకా తీసి బెంచీ మీద, అంటే వెనక వరసలో, ఉన్నవాళ్ళకి తగిలించుకోవచ్చు. రెండు ఎనర్జీలకి మెగా బ్రేవ్: 270. మరుసటి టర్న్‌లో అదే లుకారియో మళ్ళీ మెగా బ్రేవ్ కొట్టకూడదు. ఆ ఒక్కటే మెలిక.

నేను రెండేళ్ళుగా చారిజార్డ్ ఈఎక్స్ డెక్కే ఆడుతున్నాను. నవంబర్‌లో వైజాగ్‌లో ఒక షాపువాళ్ళు చిన్న టోర్నమెంట్ పెడతామంటున్నారు, దానికి డెక్ మార్చాలని ఉంది. లుకారియో మూడు కాపీలు, మిగతా సామాను కలిపితే నా నెల మెస్ బిల్లు దాటిపోతుంది. ఇంట్లో అడగలేను. ఇంతకు ముందు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మెరిసే కార్డొకటి కొంటే వేరే కార్డు వచ్చింది, అదీ మూల నలిగి. డబ్బు వెనక్కి రావడానికి నెలన్నర పట్టింది. అందుకే ఈసారి ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

జీడిపప్పు_బస్తా (పలాస) · 28 సెప్టెంబర్, ఉదయం 9:20

340 రా బాబూ! ఇంకేటి కావాలి? కొనెయ్.

కోటజంక్షన్_బావ (విజయనగరం) · 28 సెప్టెంబర్, ఉదయం 9:48

పలాస బావా, నువ్వు పందెం కోడిని కూడా ఈకలు చూసే కొంటావు. హెచ్‌పీ ఒక్కటే చూస్తే ఇదే సెట్‌లో మెగా వీనసార్ ఈఎక్స్‌కి 380 ఉంది. మరి అది కొనమని ఎందుకనలేదు?

తమ్ముడూ, కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివావా? మెగా పోకెమాన్ నాకౌట్ అయితే అవతలివాడు మూడు ప్రైజులు తీసుకుంటాడు. ప్రైజులంటే ఒక్కొక్కరూ మొదట్లో బోర్లించి పెట్టుకునే కార్డులు, ఉన్నవే ఆరు, అవి ముందు అయిపోయినవాడిదే గెలుపు. రెండు లుకారియోలు పడితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. నీ చారిజార్డ్ పడితే రెండే పోతాయి.

నాగావళి_గట్టు · 28 సెప్టెంబర్, ఉదయం 10:05

చదివాను బావా. అసలు టెన్షన్ అంతా దాని గురించే. కానీ నా చారిజార్డ్ వైపు నుంచి లెక్క వేస్తే ఒక సంగతి బయటపడింది. బర్నింగ్ డార్క్‌నెస్ 180, అవతలివాడు తీసుకున్న ఒక్కో ప్రైజుకి 30 కలుస్తుంది. వాడు అయిదు తీసుకున్నాక కూడా 330 దగ్గరే ఆగిపోతుంది. లుకారియో హెచ్‌పీ 340. ఆ పదితో బతికిపోతుంది!

బొబ్బిలి_వీణ (బొబ్బిలి) · 28 సెప్టెంబర్, ఉదయం 11:30

చారిజార్డ్‌కి మ్యాగ్జిమమ్ బెల్ట్ తగిలిస్తే ఈఎక్స్‌ల మీద 50 ఎక్కువ కొడుతుంది తమ్ముడూ. నాలుగు ప్రైజులు పోయాక 300, దానికి 50. లుకారియో పోయినట్టే. బెల్ట్ ఏస్ స్పెక్ కాబట్టి డెక్‌కి ఒకటే, అది వేరే సంగతి.

అయినా నీ పాత డెక్‌ని నీ కొత్త డెక్‌తో కొట్టించి ఏం తెలుసుకుంటావు? వైజాగ్‌లో ఎదురుగా కూర్చునేది చారిజార్డ్ కాదు. నాలాంటివాళ్ళు కూర్చుంటారు, డ్రాగపల్ట్ పట్టుకుని.

లెక్కల_మాస్టారు (విజయనగరం) · 28 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:15

భోజనం చేసి కూర్చున్నాను, కాస్త పొడుగ్గానే రాస్తాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

340, 270 అన్న అంకెలు కాసేపు పక్కన పెట్టు నాయనా. నీ రెండో టర్న్ పూర్తయ్యేసరికి బల్ల మీద ఏముంటుందో కాగితం మీద రాసి చూడు. కొత్త కార్డు ఏది వచ్చినా నేను ముందు చేసేది ఇదే. అంతా కలిసొచ్చిన రోజు కాదు, మామూలు రోజు ఏమవుతుందో రాయాలి.

లుకారియో డెక్‌లో కార్డులు తీసే పని లూనాటోన్, సాల్‌రాక్ జంటది. సాల్‌రాక్ బల్ల మీద ఉంటే, చేతిలోంచి ఒక బేసిక్ ఫైటింగ్ ఎనర్జీ పారేసి లూనాటోన్ మూడు కార్డులు తీస్తుంది. టర్న్‌కి ఒక్కసారే. చూశావా, ఆ పారేసిన ఎనర్జీనే తర్వాత ఔరా జాబ్ ఏరుకుంటుంది. ఈ రెండు కార్డులనీ తయారుచేసినవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని తెలిసిపోతోంది.

కానీ లెక్క వెయ్యి. మొదటి టర్న్‌లో ఒక ఎనర్జీ పారేశావు, రెండో టర్న్‌లో ఇంకొకటి. ఔరా జాబ్ కొట్టే వేళకి డిస్కార్డ్‌లో ఉన్నవి రెండు. కార్డు మీద మూడని రాసి ఉంది, నీకు దొరికేవి రెండు. మూడోది కావాలంటే, రెండు కార్డులు పారేసి పోకెమాన్‌ని వెతుక్కునే అల్ట్రా బాల్‌కి పారేసేవాటిలో ఒకటి ఎనర్జీ కావాలి, లేదా కార్మైన్ వాడాలి. కార్మైన్‌ని ముందు ఆడేవాడు కూడా మొదటి టర్న్‌లోనే వాడొచ్చు: చేతిలో ఉన్నదంతా పారేసి అయిదు తీసుకోవడం. వేరే డెక్‌లో అది ఏడుపు, ఇక్కడ పారేసినవాటిలో ఎనర్జీలు ఉంటే పండగ.

ఇక అసలు ఆ రెండో టర్న్ దాకా సాఫీగా వెళ్తామా అన్నది. రియోలు 4, మకుహితా (దీని మీద వేసేది హరియామా) 2, సాల్‌రాక్ 2, లూనాటోన్ 2 పెట్టావనుకో, మొత్తం 10 బేసిక్‌లు, అంటే దేని మీదా వెయ్యకుండా నేరుగా దించగలిగేవి. 60 కార్డుల్లోంచి 7 తీస్తే ఒక్క బేసిక్ కూడా రాకపోయే అవకాశం నూటికి దాదాపు 26. ప్రతి నాలుగో ఆటలో చెయ్యి మళ్ళీ కలపాలి, ఎదుటివాడికి ఒక కార్డు ధర్మం చెయ్యాలి. లుకారియో మూడే పెడితే, అందులో కనీసం ఒకటి ప్రైజుల్లో ఇరుక్కునే అవకాశం నూటికి 27, 28. ఇవేవీ కొనొద్దని చెప్పే అంకెలు కావు. చాలా మంచి డెక్‌లకీ ఇలాగే ఉంటాయి. ఇవి తెలియకుండా "340" అంటూ ఎగరొద్దని చెప్పడానికే రాశాను.

ఇంకొకటి. ఈ కార్డు చేసే పని ఇప్పటికే ఇంకో కార్డు చేస్తోందా? ఒక్క ఎనర్జీకి 130 కొడుతూ, వెనకాల వచ్చేవాళ్ళకి ఎనర్జీ సర్దిపెట్టే స్టేజ్ 1 ఇప్పుడు ఇంకొకటి నాకు కనబడలేదు. నన్ను ఆగి చూసేలా చేసింది 270 కాదు, ఇది.

జీడిపప్పు_బస్తా · 28 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:22

మాస్టారూ, అంటే కొనమనేనా?

లెక్కల_మాస్టారు · 28 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:31

నిన్ను క్లాసులో వెనక బెంచీలో కూర్చోబెట్టిందెవరయ్యా.

బొబ్బిలి_వీణ · 28 సెప్టెంబర్, సాయంత్రం 6:40

మాస్టారు చెప్పింది లుకారియో బాగా ఆడితే జరిగేది. నేను అవతలి బల్ల వైపు నుంచి చెప్తాను.

డ్రాగపల్ట్ ఫాంటమ్ డైవ్ ఎదురుగా ఉన్నవాడిని 200 కొట్టి, బెంచీ మీద ఆరు డ్యామేజీ కౌంటర్లు నా ఇష్టం వచ్చినట్టు పెట్టుకోనిస్తుంది. 340కి రెండు దెబ్బలు కావాలి, నిజమే. ఈ లోపల నీ బెంచీ మీద పిల్లలు పెరగడానికి నేనెందుకు ఆగుతాను? రెండు డైవులంటే పన్నెండు కౌంటర్లు, 120. నువ్వు ఔరా జాబ్‌తో ఎనర్జీ తగిలించిన రియోలునే ముందు లేపేస్తాను. ఎనర్జీలూ పోయె, పైన వేద్దామని చేతిలో పట్టుకున్న లుకారియోకి ఆసరా పోయె.

అది ఒకటి. రెండోది వీక్‌నెస్. లుకారియోకి సైకిక్ అంటే రెండింతల దెబ్బ. గార్డివార్ ఈఎక్స్ మిరాకిల్ ఫోర్స్ 190, దానికి రెట్టింపు 380. ఒక్క దెబ్బకి మూడు ప్రైజులు. పోనీ గార్డివార్ ఆడేవాళ్ళు తక్కువే అనుకో. లిల్లీస్ క్లెఫెయిరీ ఈఎక్స్ సంగతేంటి? అది బేసిక్. ఏ సైకిక్ ఎనర్జీ డెక్‌లోనైనా ఒక్క కాపీ దూర్చేయొచ్చు. నా డ్రాగపల్ట్‌లో సైకిక్ ఎనర్జీ ఎలాగూ ఉంది. దాని ఫుల్ మూన్ రాండో 20, రెండు వైపులా బెంచీ మీదున్న ఒక్కో పోకెమాన్‌కి ఇంకో 20. బెంచీల మీద మొత్తం ఎనిమిది ఉంటే 180, లుకారియో మీద 360.

ఒక్క కార్డు మార్చుకుని నిన్ను ఆపగలిగితే, వైజాగ్‌కి వచ్చేవాళ్ళు ఆ ఒక్క కార్డు మార్చుకునే వస్తారు.

సిరిమాను_చింతచెట్టు (విజయనగరం) · 28 సెప్టెంబర్, రాత్రి 9:05

అక్కా, మీ లెక్కలోనే దారి కూడా ఉంది. ఎనిమిది ఉంటే 360. ఏడే ఉంటే 160కి రెట్టింపు 320. లుకారియో బతికింది. మీ బెంచీ నిండా అయిదు పెట్టుకున్నా, మావాడు తన బెంచీ రెండు దగ్గరే ఆపుకుంటే మీ క్లెఫెయిరీ ముందుకొచ్చి నవ్వులపాలవుతుంది. తర్వాతి టర్న్‌లో ఔరా జాబ్ 130, ప్రీమియం పవర్ ప్రో రెండు వాడితే ఒక్కోదానికి 30 చొప్పున 190. క్లెఫెయిరీ హెచ్‌పీ సరిగ్గా 190. మాకే రెండు ప్రైజులు.

బొబ్బిలి_వీణ · 28 సెప్టెంబర్, రాత్రి 9:18

బెంచీ రెండు దగ్గర ఆపుతావా? లూనాటోన్ ఒకటి, అది పనిచెయ్యాలంటే సాల్‌రాక్ ఒకటి. రెండూ అయిపోయాయి. రెండో రియోలుని ఎక్కడ కూర్చోబెడతావు, అరుగు మీదా?

సిరిమాను_చింతచెట్టు · 28 సెప్టెంబర్, రాత్రి 9:21

దెబ్బ తగిలింది.

లెక్కల_మాస్టారు · 28 సెప్టెంబర్, రాత్రి 10:02

ఇదిగో, ఇప్పుడు మాటలు దారిలో పడ్డాయి. కార్డులు కావాలంటే బెంచీ నింపాలి, క్లెఫెయిరీని తట్టుకోవాలంటే బెంచీ ఖాళీగా ఉంచాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. టెరా పోకెమాన్ ఉన్నవాళ్ళు ఏరియా జీరో స్టేడియం (స్టేడియం అంటే ఇద్దరికీ పనిచేసే, బల్ల మీద ఒక్కటే ఉండే కార్డు) వేస్తే వాళ్ళ బెంచీ ఎనిమిది దాకా పెరుగుతుంది. డ్రాగపల్ట్ టెరానే. నువ్వు ఒక్కడినే పెట్టుకున్నా వాళ్ళ లెక్క వాళ్ళకి నిండుతుంది. దాన్ని తీసేయడానికి నీ దగ్గర కూడా స్టేడియం ఉండాలి. గ్రావిటీ మౌంటెన్ అయితే రెండు పనులు చేస్తుంది: వాళ్ళ స్టేడియం పోతుంది, స్టేజ్ 2లకి 30 హెచ్‌పీ తగ్గుతుంది. 320 డ్రాగపల్ట్ 290 అవుతుంది, మెగా బ్రేవ్ 270, ఒక్క పవర్ ప్రోతో 300. పడింది.

ఒక_తండ్రి · 29 సెప్టెంబర్, ఉదయం 7:30

నమస్కారమండి. మావాడు తొమ్మిదో తరగతి. వాడి ఫోన్‌లో ఈ పేజీ చూశాను. ప్రైజులు, పందెం కోడి అంటున్నారు. ఇది పేకాటలాంటిదా? డబ్బులు పెట్టి ఆడతారా? కోపంతో అడగడం లేదు, తెలుసుకుందామని.

లెక్కల_మాస్టారు · 29 సెప్టెంబర్, ఉదయం 8:10

నమస్కారమండి. ఇందులో పందెం లేదు. ప్రైజులంటే డబ్బు కాదు, ఆట మొదట్లో బోర్లించి పెట్టుకునే ఆరు కార్డులు. ఎదుటివారి పోకెమాన్‌ని ఓడించినప్పుడల్లా వాటిలోంచి తీసుకుంటారు, ఆరూ ముందు అయిపోయినవారు గెలిచినట్టు. చిన్నప్పుడు మనం అరుగు మీద గీసుకుని ఆడిన పులిజూదం లాంటిదే అనుకోండి, ఇందులో పావుల్ని ఎవరికివారే ఎంచుకుని తెచ్చుకుంటారు.

ఖర్చు మాత్రం ఉంటుంది, అది దాచను. సీలు విప్పని ప్యాకెట్లు కొంటూ పోతే అంతూ పొంతూ ఉండదు, లోపల ఏముందో తెలియదు కాబట్టి లాటరీ బుద్ధి కూడా అబ్బుతుంది. ప్యాకెట్లు వద్దని, కావాల్సిన కార్డు విడిగా కొనమని చెప్పండి. ఆడాలనుంటే ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ లైవ్ ఉచితమే. ఆదివారం వాడితో పాటు మీరూ రండి, చూసి వెళ్దురుగాని.

కోటజంక్షన్_బావ · 29 సెప్టెంబర్, సాయంత్రం 5:50

సరే, ఆదివారం 5న మా డాబా మీద కూర్చుందాం. దసరా అయిపోతుంది, ఏడున పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం. ఆ తర్వాత నాలుగు రోజులు మూడు లాంతర్ల చుట్టుపక్కల కాలు పెట్టే చోటుండదు, కాబట్టి అయిదే ఖాయం. లుకారియో కొనకండి ఇంకా. రంగుల జెరాక్స్ తీసి, పాత ఎనర్జీ కార్డు ముందు పెట్టి స్లీవ్‌లో దూర్చుకోండి. టోర్నమెంట్‌లో జెరాక్స్ కుదరదు గానీ డాబా మీద అడిగేదెవరు.

నాగావళి_గట్టు · 29 సెప్టెంబర్, సాయంత్రం 6:15

వస్తాను బావా. జెరాక్స్ షాపతను మల్లయోధుడిలా ఉండే మన హరియామా బొమ్మ చూసి "ఈయన కోడి రామ్మూర్తి నాయుడుగారా?" అన్నాడు!

జీడిపప్పు_బస్తా · 29 సెప్టెంబర్, సాయంత్రం 6:18

ఇక మీదట హరియామా పేరు కోడి రామ్మూర్తే. మన వీరఘట్టం కలియుగ భీముడు. మార్చేది లేదు.

నాగావళి_గట్టు · 6 అక్టోబర్, ఉదయం 8:40

నిన్నటి సంగతి రాస్తానన్నాను కదా. నేను లుకారియోతో మొత్తం 24 ఆటలు ఆడాను. వీణ అక్క డ్రాగపల్ట్ మీద పది: నాలుగు గెలిచాను, ఆరు ఓడాను. పలాస బావ ఘోల్డెంగో డెక్ మీద పది: ఏడు గెలిచాను. కోటజంక్షన్ బావ నా చారిజార్డ్ తీసుకుని నాలుగు ఆడాడు, మూడు నేనే గెలిచాను.

ఘోల్డెంగో మీద ఎందుకు గెలిచానో కుర్చీలో కూర్చోగానే అర్థమైంది. దానికి 260 హెచ్‌పీ, మెగా బ్రేవ్ 270. పవర్ ప్రో కూడా అక్కర్లేదు. నన్ను ఒక్క దెబ్బకి కొట్టాలంటే బావ చేతిలోంచి ఏడు ఎనర్జీలు పారేయాలి, ఒక్కోదానికి 50 కాబట్టి. ఒకసారి పారేశాడు. రెండోసారికి చెయ్యి ఖాళీ.

డ్రాగపల్ట్ దగ్గర మొదటి నాలుగు ఆటలూ ఓడిపోయాను. అక్క చెప్పినట్టే రియోలుల్ని పిట్టల్ని కొట్టినట్టు కొట్టింది. అయిదో ఆట నుంచి తీరు మార్చాను. లుకారియోతో మొదలుపెట్టకుండా ముందు సాల్‌రాక్‌ని దించాను. కాస్మిక్ బీమ్ ఒక్క ఎనర్జీకి 70. డ్రాగపల్ట్‌గా పెరిగే డ్రీపీ హెచ్‌పీ సరిగ్గా 70! అక్క సాల్‌రాక్‌ని కొడితే ఒక్క ప్రైజే. ఆ తర్వాత లుకారియో, ఔరా జాబ్‌తో వెనక ఉన్న కోడి రామ్మూర్తికి మూడు ఎనర్జీలు. ఆయన కొట్టేది 210, పడితే పోయేది ఒక్క ప్రైజు. పైగా మకుహితా మీద హరియామాని వేసిన క్షణంలోనే ఎదుటివాళ్ళ బెంచీ మీంచి కావాల్సినవాడిని ముందుకు లాక్కొస్తాడు. ఆ ఆరు ఆటల్లో నాలుగు నావే.

కోటజంక్షన్_బావ · 6 అక్టోబర్, ఉదయం 9:15

ప్రైజుల లెక్క ఇక్కడే తెలుస్తుంది. రెండు లుకారియోలే పడితే మూడూ మూడూ ఆరు, వాళ్ళకి రెండు నాకౌట్లు చాలు. ముందు సాల్‌రాక్, తర్వాత హరియామా, ఆ తర్వాత లుకారియో పడితే ఒకటీ ఒకటీ మూడూ, అయిదే. ఇంకొకటి కొట్టాలి. అంటే నాలుగు నాకౌట్లు. లుకారియోని ఎప్పుడు బల్ల మీదకి తేకూడదో తెలిస్తేనే ఈ డెక్.

బాసెస్ ఆర్డర్స్ వేసి బెంచీ మీది లుకారియోని ముందుకు లాగేస్తారనేది మర్చిపోకు. అందుకే రెండోదాన్ని రియోలుగానే ఉంచి, అవసరమైన టర్న్‌లోనే పైకి వెయ్యి. ఎనర్జీ రియోలు మీద ముందే ఉంటుంది కదా.

జీడిపప్పు_బస్తా · 6 అక్టోబర్, ఉదయం 9:30

ఏడుకి మూడు! కొనమని నేను మొదటే చెప్పాను.

లెక్కల_మాస్టారు · 6 అక్టోబర్, ఉదయం 10:20

రూపాయి బిళ్ళని పదిసార్లు ఎగరేస్తే ఏడో అంతకన్నా ఎక్కువో బొమ్మలు పడే అవకాశం నూటికి 17. అంటే ఇద్దరూ సరిసమానమైన డెక్‌లయినా, ఇలాంటి ఆదివారాలు ఆరింటిలో ఒకసారి ఏడు-మూడు అని రాసుకుంటాం. పది ఆటల గెలుపోటములు కాకి లెక్కలే. నేను చూసింది స్కోరు కాదు. కుర్రాడు ఓడిన ప్రతి ఆట తర్వాత కాగితం మీద ఏం రాసుకున్నాడో చూశాను. "చేతిలో రెండు లుకారియోలు, రియోలు లేదు" అని మూడుసార్లు రాశాడు. అదొక సమాచారం. "దురదృష్టం" అని ఒక్కసారి కూడా రాయలేదు. అదింకా పెద్ద సమాచారం.

ఇంకోటి, బుడ్యూ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 30 హెచ్‌పీ, ఎనర్జీ అక్కర్లేకుండా 10 కొట్టి, అవతలివాడు తర్వాతి టర్న్‌లో ఐటమ్ కార్డు వాడకుండా కట్టేస్తుంది. ఈ జనవరిలో ప్రిజ్మాటిక్ ఎవల్యూషన్స్‌లో వచ్చినప్పుడు "మొగ్గకేం చేతనవుతుంది" అని నేనే అన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు దాని చేతిలో దెబ్బతిన్నానో నాకే గుర్తులేదు. అప్పట్నుంచీ కొత్త కార్డు చూస్తే, ఎంత కొడుతుందని కాకుండా ఎదుటివాడి చేత ఏం చెయ్యనివ్వదో ముందు చూస్తున్నాను.

బొబ్బిలి_వీణ · 6 అక్టోబర్, మధ్యాహ్నం 12:45

నిన్న రెండు ఆటల్లో బుడ్యూ వేశాను మాస్టారూ. ఎనర్జీనో పోకెమాన్‌నో వెతికిచ్చే ఫైటింగ్ గాంగ్, పవర్ ప్రో రెండూ ఐటమ్‌లే కాబట్టి తమ్ముడు ఇరుక్కున్నాడు. కానీ లుకారియో స్టేజ్ 1 కావడం వల్ల ఆగలేదు, చేతిలోంచి మామూలుగా వేసేసుకుని ఔరా జాబ్‌తో బుడ్యూని ఊదేశాడు. రేర్ క్యాండీ మీద బతికే డెక్‌లకి ఇంత సుళువు కాదు. నేను వ్యతిరేకంగా చెప్తున్నాననుకోకండి, కార్డులో పస ఉంది. నాకున్న అనుమానమల్లా, క్లెఫెయిరీ పెట్టుకుని వచ్చేవాళ్ళు ఎంతమందన్నదే.

మెగా బ్రేవ్ గురించి కూడా ఒక మాట. మరుసటి టర్న్‌లో కొట్టకూడదన్నది ఆ లుకారియో ముందు ఉన్నంతసేపే. స్విచ్ వేసి బెంచీకి పంపితే ఆ ఆంక్ష పోతుంది. మళ్ళీ ముందుకు తెచ్చి కొట్టొచ్చు. నిన్న తమ్ముడు ఇది రెండుసార్లు మర్చిపోయాడు. నేను చెప్పలేదు, గెలవాలి కదా.

నాగావళి_గట్టు · 6 అక్టోబర్, మధ్యాహ్నం 12:50

అక్కా!!!

సిరిమాను_చింతచెట్టు · 9 అక్టోబర్, రాత్రి 10:30

పండగ హడావుడి అయ్యింది. రెండు రోజులు కాళ్ళు లేవు, మంచం మీద పడుకుని యాప్‌లో ఆడుకున్నాను.

మనమంతా లుకారియో గురించి ఇంత కొట్టుకుంటున్నాం గానీ, నాకు ఎదురుపడినవాళ్ళలో ఎక్కువమంది దగ్గర కనబడింది లూనాటోన్. ఘోల్డెంగో ఆడేవాళ్ళు కూడా లూనాటోన్, సాల్‌రాక్ పెట్టేసుకున్నారు. వాళ్ళకి ఎలాగూ డెక్ నిండా బేసిక్ ఎనర్జీలే, ఒకటి పారేసి మూడు కార్డులు తీసుకోవడం వాళ్ళకి పుణ్యానికి వచ్చింది. సెట్ పేరు మెగాలది, బొమ్మ లుకారియోది, పని మాత్రం ఆ చందమామ రాయిది.

లెక్కల_మాస్టారు · 9 అక్టోబర్, రాత్రి 10:55

భేష్. ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. రెండు రకాల డెక్‌ల్లోకి వెళ్ళే కార్డు కొనడంలో భయం తక్కువ. లుకారియో దెబ్బతింటే లుకారియో ఒక్కటే మూల పడుతుంది. లూనాటోన్ పక్కింట్లో పని చూసుకుంటుంది.

జీడిపప్పు_బస్తా · 9 అక్టోబర్, రాత్రి 11:02

ఏటి, నా ఘోల్డెంగోలో పెట్టుకోవచ్చని ఎవడూ నాకు ముందు చెప్పలేదేం? ఆ ఏడు ఆటలు వెనక్కి ఇచ్చెయ్ తమ్ముడూ.

నాగావళి_గట్టు · 13 అక్టోబర్, సాయంత్రం 7:10

నిన్న మళ్ళీ బావ డాబా మీద ఆడాం. ఈసారి మాస్టారు చెప్పినట్టు టోర్నమెంట్ పద్ధతిలో, మూడింటిలో రెండు, 50 నిమిషాలు గడియారం పెట్టుకుని. నాలుగు రౌండ్లలో రెండు గెలిచాను, ఒకటి ఓడాను, ఒకటి టైమ్ అయిపోయి డ్రా. ఓడింది మళ్ళీ వీణ అక్క చేతిలోనే. క్లెఫెయిరీ నిజంగానే పెట్టుకొచ్చింది. మూడో ఆటలో నా బెంచీ మీద మూడు, అక్క బెంచీ మీద అయిదు. ఎనిమిది. నేను లెక్కపెట్టుకునేలోపే లుకారియో పోయింది.

అందుకని ఒక లూనాటోన్ తీసేసి రెండో గ్రావిటీ మౌంటెన్ పెట్టాను. "రెండు లుకారియోలు, రియోలు లేదు" బాధ తగ్గడానికి రియోలు నాలుగు, లుకారియో మూడు దగ్గరే ఉంచాను.

కొన్నవి ఇవి: లూనాటోన్, సాల్‌రాక్ రెండేసి, మకుహితా, హరియామా రెండేసి, గాంగ్‌లు, పవర్ ప్రోలు. వీటన్నిటికీ కలిపి ఒక లుకారియో ధర కూడా కాలేదు. లుకారియో ఒక్కటే కొన్నాను. రెండోది సిరిమాను అన్న టోర్నమెంట్ రోజుకి ఇస్తానన్నాడు. మూడోది దొరకకపోతే రెండింటితోనే వెళ్తాను. చారిజార్డ్ అమ్మలేదు, అమ్మను.

బొబ్బిలి_వీణ · 13 అక్టోబర్, సాయంత్రం 7:32

రెండింటితో వెళ్ళకు. ఒకటి ప్రైజుల్లో పడితే ఆటంతా ఏడుస్తావు. నా దగ్గర ఒకటి వచ్చింది, వాడుకో. వైజాగ్‌లో మొదటి రౌండ్‌లో మనిద్దరికీ పడితే మాత్రం మొహమాటం లేదు, క్లెఫెయిరీ తీస్తాను.

నాగావళి_గట్టు · 13 అక్టోబర్, సాయంత్రం 7:35

థాంక్స్ అక్కా. బెంచీ మీద రెండే పెడతాను, చూడు.

కోటజంక్షన్_బావ · 13 అక్టోబర్, రాత్రి 8:05

వచ్చే ఆదివారం దీపావళి ముందు రోజు. మధ్యాహ్నం మూడు లోపల అయిపోవాలి, ఇంట్లో పనులుంటాయి. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కండి. మొన్న వచ్చిన ఆ తొమ్మిదో తరగతి కుర్రాడి నాన్నగారు కూడా వస్తానన్నారు, ఆయనకొక డెక్ కావాలట. ఎవరైనా తేలికైనది తెండి.

జీడిపప్పు_బస్తా · 13 అక్టోబర్, రాత్రి 8:11

నా పాత డెక్ తెస్తాను. తమ్ముడూ, నా నల్ల స్లీవులు నాలుగు నీ కోడి రామ్మూర్తి దగ్గర ఉండిపోయాయి. మర్చిపోకుండా తీసుకురా.